మిల్‌నెట్: ఒక వల రెండయిన వృత్తాంతము

1969 అక్టోబరు 29వ తేదీ రాత్రి లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము నుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు తొలి సందేశమును మోసిన ఆర్పానెట్, అమెరికా రక్షణశాఖ ధనముతో పుట్టినదే యైనను, పరస్పర విశ్వాసము పునాదిగా పెరిగిన విద్వాంసుల వల. దూరముననున్న యొకరి యంత్రమును మరియొకరు వాడుకొనుట కొరకే యది వెలసినది. కాలక్రమమున సైనిక కార్యాలయములును ఆ తీగలనే ఆశ్రయింపగా, పరిశోధకుల స్వేచ్ఛయు సైనికుల కట్టుబాటును ఒకచోట ఇముడుట దుష్కరమయ్యెను.

1983 జనవరి 1న ఆ వల యంతయు టీసీపీ/ఐపీ అను క్రొత్త నియమావళికి మారెను. వేర్వేరు వలలను కలుపుటకై రూపొందిన ఆ నియమావళియే ఉన్న వలను విడదీయుటకును తోడ్పడుట విశేషము. ఆ యేటనే రక్షణశాఖ 113 కేంద్రముల ఆర్పానెట్టు నుండి 68 కేంద్రములను వేరుచేసి, మిల్‌నెట్ అను పేర సైనికావసరములకు ప్రత్యేకించెను. పరమరహస్యములకు వేరు వలలుండెను గనుక, ఇందు నడచినవి దైనందిన వ్యవహారములే. రెండు వలల నడుమ నిలిపిన ద్వారములను మెయిల్‌బ్రిడ్జిలనిరి. ఉత్తర ప్రత్యుత్తరములు వాని గుండ సాగవలెను, ఆపద వాటిల్లినచో వానిని మూయవలెను.

ద్వారమును నిర్మించుట వేరు, దానిని కనిపెట్టుకొని యుండుట వేరు. 1986లో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలయందు 75 సెంట్ల లెక్క తేడాను శోధింపబూనిన ఖగోళశాస్త్రజ్ఞుడు క్లిఫర్డ్ స్టోల్, పశ్చిమ జర్మనీలోని హానోవర్ నుండి యొకడు తమ యంత్రమునే సోపానముగా జేసికొని మిల్‌నెట్టులోని సైనిక యంత్రములలో చొరబడుచుండుట కనుగొనెను. ఆ చొరబాటుదారునకు గోడను పగులగొట్టు పని లేకపోయెను; ఎవరును మార్చక విడిచిన సంకేతపదములే పెక్కుచోట్ల అతనికి తలుపులు తెరచినవి. విభజన చరిత్రలో నాకు మిక్కిలి బోధకముగా తోచు ఘట్టమిది.

1988 నవంబరు 2వ తేదీ రాత్రి కార్నెల్ విద్యార్థి రాబర్ట్ మోరిస్ విడిచిన ‘వర్మ్’, తనంతట తాను ప్రతులు పెంచుకొనుచు, సుమారు 6,000 యంత్రములను ఆక్రమించినదని నాటి అంచనా. అది ప్రాకిన త్రోవలలో నొకటి సెండ్‌మెయిల్ అను తపాలా ప్రోగ్రామునందలి లోపము. అనగా, నమ్మి తెరచియుంచిన ఉత్తరముల మార్గమే దానికి వాహనమయ్యెను. మరునాడు అధికారులు మెయిల్‌బ్రిడ్జిలను మూసివేసిరి. అయిదేండ్ల క్రిందట ఏ యక్కరకై వానిని కల్పించిరో ఆ యక్కర తీరెను. కాని బర్క్‌లీలోను ఎం.ఐ.టి.లోను నిపుణులు నిద్రాహారములు మాని సిద్ధపరచిన సవరణలు గూడ ఆ వలపైననే పయనింపవలసినవి గావున, భయపడి సంబంధము త్రెంచుకొన్న వారికి అవి ఆలస్యముగా అందెను.