గాలి కబురులో రెండో అంకె



"గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో, ఒక్కొక్కప్పుడు 60 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు వీచవచ్చు" అనే మాట మీరు చాలాసార్లు వినే వుంటారు. వాన కబురైతే చెవి వొగ్గి వింటాం. గాలి అంకెల్ని విని వదిలేస్తాం. కాని పెదవేగి మెట్టన అరటి వేసిన రైతుకైనా, ఏలూరు దిగువన వరి కోతకొచ్చిన రైతుకైనా, ఫలం దక్కడం దక్కకపోవడం ఆ అంకెల్లోనే వున్నది. అవి మన దాకా ఎలా వచ్చాయో, వాటిని ఎలా అర్థం చేసుకోవాలో ఈ పూట చెప్పుకుందాం.

పెదవేగి అంటే వెనకటి వేంగి. శాలంకాయనులు, తూర్పు చాళుక్యులు ఏలిన చోటు. ఆ నాటి నుంచి మన తాతల నాటి దాకా మబ్బు తీరు, గాలి మళ్లిన దిక్కు చూసి ఊహించుకోవడమే గాని, ముందుగా కబురు చెప్పేవారు లేరు. 1864 అక్టోబరు 5న కలకత్తాను, నెల తిరక్కముందే నవంబరు 1న మన మచిలీపట్నాన్ని పెనుతుపానులు ముంచెత్తాయి. మచిలీపట్నం ప్రాంతంలో దాదాపు 30 వేల మంది పోయారు. మరుసటి సంవత్సరం కలకత్తా రేవులో తుపాను హెచ్చరికల ఏర్పాటు జరిగింది. 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడింది. అయితే మొదట్లో హెచ్చరికలు ఓడల కోసమే. రైతుల కోసమంటూ ఆకాశవాణిలో వాతావరణ ప్రకటనలు మొదలైనది 1945లో. మన విజయవాడ కేంద్రం వచ్చింది 1948లో.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో దాదాపు పదివేల మంది పోయారు. కబురు పుట్టడం వేరు, ఊరూరికీ చేరి మనిషిని కదిలించడం వేరు అని ఆ రోజు తెలిసింది. 2004లో మచిలీపట్నంలో డాప్లర్ రాడార్ పెట్టారు. అది మబ్బు ఎక్కడుందో చెప్పడమే గాక, అందులో గాలి ఎటు, ఎంత వేగంగా కదులుతున్నదో కూడా పట్టిస్తుంది. 2024 అక్టోబరు నుంచి గ్రామ పంచాయతీ వారీగా గాలి, వాన కబురు ఇస్తున్నారు.

ఇక అంకెల సంగతి. మొదటిది నిలకడ గాలి. మూడు నిమిషాల సగటు. రెండోది విసురు, క్షణకాలం కొట్టి పోయే దెబ్బ. గాలి వేగం రెట్టింపయితే దాని తోపు నాలుగింతలవుతుంది. 40 కిలోమీటర్ల గాలి కంటె 60 కిలోమీటర్ల విసురుకు తోపు రెండింతలు దాటుతుంది. అందుచేత చెట్టును కూల్చేది తరచు రెండో అంకే. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గాలి 90–100, విసురు 110. ఆ గాలివానకు డెల్టాలో కోతకొచ్చిన వరి నేలకొరిగింది.

మరొక సంగతి. ఆ కొలతలు బయలు నేలలో, పది మీటర్ల ఎత్తున గాలికి చెందినవి. కొల్లేటి బయలులో గాలికి అడ్డు లేదు. పెదవేగిలో పామాయిలు తోటలు గాలిని కొంత ఆపుతాయి. కాని పైనున్న వేగపు గాలి చెట్ల మీద చెదిరి, విసుర్లుగా కిందికి దిగుతుంది. తోట అంచున, సందుల్లో దెబ్బ ఎక్కువ. కాబట్టి ఊరి కబురు అచ్చంగా మీ చేని కబురు కాదు.

అందుకని ఒక పని చెయ్యండి. బయలులో గడ పాతి, గుడ్డ పీలిక కట్టండి. కబురులో ఏమి చెప్పారు, మీ చేలో ఏమి జరిగింది — రెండూ ఒక పుస్తకంలో వరుసగా రాయండి. గ్రామ వ్యవసాయ ఉద్యోగులు దీనికి సాయపడాలి. రెండు మూడేళ్లకు మీ పొలం స్వభావం మీకే తెలుస్తుంది.

రెండో అంకె పెద్దదిగా వినబడితే, అరటి గెలలకు ముందురోజే ఊతకర్రలు పెట్టండి. కోసిన పనలు కుప్ప వేసి, బరకం కప్పి తాళ్లతో బిగించండి. మందు చల్లడం ఆపండి. వేసవి ఉరుముల గాలి సంగతి వేరు: దాని కచ్చితమైన హెచ్చరిక మూడు గంటల ముందే వస్తుంది, చల్లని విసురు వాన కంటె ముందు వస్తుంది. అప్పుడు పంటను చూడకండి, చెట్టు కింద నిలబడకండి, ఇంటికి చేరండి. పోయిన పంట మళ్లీ వేసుకోవచ్చు.

సెలవు.