పెరట్లో మాటామంతీ

తడిక తియ్యగానే మగబాతు మీ మీదికొస్తోంది. కోనసీమ, సాయంత్రం నాలుగు. కొబ్బరిచెట్ల నీడలు సాగుతున్నాయి. తెల్లటి పెద్దబాతు, ముక్కు మొదట్లో నారింజరంగు బుడిపె. మెడ నేలబారుగా సాచి, నోరు తెరిచి బుస కొడుతోంది. బుసకన్నా ముందు ఆ మెడను చూడండి. అలా కిందికి సాచిందంటే పొమ్మని. పరుగెత్తారా, పిక్క పట్టుకుంటుంది.

"కదలకండి బాబూ," నూకల చేటతో ఇంటావిడ వచ్చింది. "కళ్ళల్లోకి చూడకండి. అదే ఆగుద్ది."

బారెడు దూరంలో ఆగింది. మీరు పక్కకి తిరిగి మెల్లగా గొంతుక్కూచున్నారు. అది మెడెత్తి, తల ఓరగా తిప్పి, ఒంటికంటితో మిమ్మల్ని పరికించింది. ఉన్నట్టుండి ఆడబాతు దగ్గరికి పరుగు. రెండూ పక్కపక్కన మెడలు సాచి, గొంతు కలిపి పెరడంతా మోగించేస్తున్నాయి. మిమ్మల్ని గెలిచొచ్చానని చెప్పుకుంటోంది! ఆస్ట్రియాలో జంతువుల ప్రవర్తనను పరిశీలించిన శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ బూడిదరంగు బాతుల మధ్యే ఏళ్ళ తరబడి బతికి, ఈ విజయోత్సవం గురించి వివరంగా రాశారు. 1973లో నోబెల్ పంచుకున్నారు.

ఆవిడ కుచ్చిళ్ళ వెంట బాతుపిల్లలు. తల్లి పొదగడం వదిలేస్తే గుడ్లను బుట్టలో వెచ్చగా ఉంచి ఆవిడే పిగిలించింది. బయటపడ్డాక మొదట ఎవరు కళ్ళముందు కదిలితే వాళ్ళ వెంటే పడతాయి, వాళ్ళే అమ్మ. నడుస్తున్నంతసేపూ సన్నగా గుసగుసలు: ఇక్కడే ఉన్నాం, నువ్వున్నావా? ఆవిడ "ఊఁ, ఊఁ" అంటోంది. అంతకన్నా సరైన జవాబు లేదు. గోలెం చాటుకి వెళ్ళిందో లేదో గుసగుస కీచుకేకైంది. ఆవిడ మళ్ళీ కనబడ్డాకే ఆగింది.

పైన గద్ద. కోడి ఒక్క సాగదీసిన కేక వేసింది, పిల్లలన్నీ మాయం. నేలమీద కుక్కో ముంగిసో వస్తే ఈ కేక వినబడదు, ఆగకుండా కొక్కొక్కొమని గోల చేస్తుంది. వచ్చే ముప్పు ఆకాశంలోంచో నేలమీంచో ఆ గొంతే చెబుతుంది.

పాలవేళైంది. దూడను వదిలారు. మీరు ఒకడుగు ముందుకేశారు. గేదె తల తిప్పి, ముక్కుపుటాలు విప్పి, వెనకకాలు కదిపింది.

"అవతలికెళ్ళండి బాబూ. కొత్తోళ్ళుంటే ఇది చేపదు."

మీరు తడికదాకా వెనక్కి నడిచారు. దూడ పొదుగును కుమ్ముతోంది. ఆవిడ గేదె డొక్క నిమురుతూ, "రావే తల్లీ, రావే," అంటోంది. చనులు ఉబ్బాయి.

"చేపిందండీ," అని అక్కణ్ణించే మీకు చెప్పి, దూడను లాగి కట్టి, చెంబు మోకాళ్ళ మధ్య పెట్టుకుంది.