మాన్‌సూన్ ఓడ, సమోవా ఉత్తరం

"మీది ఏ మిషను?"

తెనాలి, రేపల్లె, బాపట్ల నడుమ క్రైస్తవుల ఇళ్ళల్లో పెళ్ళి సంబంధం మాట కదిలితే కట్నకానుకల కంటే ముందు వచ్చే ప్రశ్న ఇది. లూథరన్లమంటే ఒక లెక్క, బాప్టిస్టులమంటే ఇంకో లెక్క. ఆర్సీఎం (రోమన్ కాథలిక్) అంటే పెద్దవాళ్ళు కాస్త ఆలోచనలో పడతారు. బాపట్ల వైపు సాల్వేషన్ ఆర్మీ వాళ్ళకు గట్టి పట్టుంది. 1910ల్లో స్టూవర్టుపురం సెటిల్‌మెంటు బాధ్యత చూసింది వాళ్ళే. ఇన్ని పేర్లు వింటాను గానీ, మోర్మన్లన్న పేరు మా వైపు ఎవరి నోటా వినలేదు.

మన డెల్టాకు లూథరన్లను, బాప్టిస్టులను పంపింది అమెరికాయే. మోర్మన్లదీ ఆ దేశమే. పోనీ వాళ్ళేమైనా ఆలస్యంగా బయలుదేరారా అంటే అదీ కాదు. 1853లోనే మద్రాసులో దిగారు. అప్పటికి బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్టకు రాళ్ళింకా పేరుస్తూనే ఉన్నారు. అయినా తెలుగువాళ్ళ ఇంట్లో అడుగు పెట్టడానికి వాళ్ళకు మరో 125 ఏళ్ళు పట్టింది. ఆ కథ చెప్పాలంటే ముందు న్యూయార్క్ రాష్ట్రంలోని ఓ రైతు ఇంట్లో జరిగిన మొగుడూ పెళ్ళాల తగువు దగ్గర మొదలుపెట్టాలి.

ఆ రైతు పేరు మార్టిన్ హ్యారిస్. పల్మైరా అనే ఊళ్ళో బాగా కలిగినవాడు. జోసెఫ్ స్మిత్ అనే ఇరవై రెండేళ్ళ కుర్రాడు తనకు దేవదూత బంగారు రేకులు చూపించాడనీ, వాటి మీది రాతను దైవసాయంతో ఇంగ్లీషులోకి చెబుతాననీ అంటే హ్యారిస్ నమ్మాడు. కుర్రాడు చెబుతుంటే పక్కన కూర్చుని రాసిపెట్టాడు. భార్య లూసీ నమ్మలేదు. ఆవిడకు చూపించి నోరు మూయించాలని, 1828 వేసవిలో 116 పేజీల రాతప్రతిని బతిమాలి ఇంటికి పట్టుకుపోయాడు. అవి కాస్తా మాయమయ్యాయి. ఎవరు తీశారో ఈనాటికీ తేలలేదు. అనుమానం మాత్రం లూసీ మీదికే పోయింది. స్మిత్ ఆ భాగాన్ని మళ్ళీ చెప్పలేదు. దాని బదులు వేరే రేకుల నుంచి అంటూ మరో కథనం చేర్చాడు. అంటే ఇవాళ మోర్మన్ గ్రంథం తెరిస్తే కనబడే ఆరంభం, ఒకరింట్లో కాగితాలు పోబట్టి వచ్చిన ఆరంభం.

1830లో ఆ పుస్తకం 5,000 ప్రతులు అచ్చయింది. ముద్రాపకుడు గ్రాండిన్ ముందుగా పూచీ అడిగితే హ్యారిస్ 3,000 డాలర్లకు పొలం తాకట్టు పెట్టాడు. పుస్తకాలు అమ్ముడుపోలేదు, మరుసటి ఏడు 151 ఎకరాలు చేజారిపోయాయి. భార్య వేరుపడింది. పొలం అమ్మి నాటకాల కంపెనీ పెట్టినవాళ్ళ కథలు, సినిమా తీసినవాళ్ళ కథలు తెనాలిలో ఎవరినడిగినా చెబుతారు. పొలం అమ్మి వేదగ్రంథం అచ్చేయించినవాడి కథ మాత్రం నేను ఇదొక్కటే విన్నాను.

ఇంతకీ ఆ గ్రంథంలో ఏముంది? మనకు బాగా తెలిసిన సరుకే: దాయాదుల పోరు. క్రీస్తుకు పూర్వం 600 ప్రాంతంలో లీహై అనే ఆయన కుటుంబంతో యెరూషలేము విడిచి ఓడెక్కి అమెరికా చేరతాడు. కొడుకులు నీఫై, లేమన్ పొత్తు కుదరక విడిపోతారు. ఇద్దరి సంతతీ తరతరాలు కొట్టుకుంటుంది. బయటి చరిత్రకారులు దీన్ని చరిత్రగా ఒప్పుకోరు. నమ్మినవాళ్ళకు అది లేఖనం. లీహైది మనష్షే గోత్రమని ఆ గ్రంథం చెబుతుంది. ఇక్కడొక తమాషా ఉంది. మన చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో కొన్ని కుటుంబాలు తమది ఎఫ్రాయిము గోత్రమంటూ, బెనే ఎఫ్రాయిమ్ అన్న పేరుతో యూదుల ఆచారాలు పాటిస్తున్నాయి. మనష్షే, ఎఫ్రాయిము యోసేపు కొడుకులు, అన్నదమ్ములు. ఈ రెండు నమ్మకాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే అన్న సంతానం అమెరికాకు పోయింది, తమ్ముడి సంతానం గుంటూరు జిల్లాకు వచ్చింది!

పుస్తకం హ్యారిస్ ఇంట్లో చిచ్చు పెట్టింది గానీ, వేరే ఇళ్ళల్లో చుట్టరికాల మీదుగానే పాకింది. జోసెఫ్ తమ్ముడు శామ్యూల్ ఊరూరా తిరిగి ప్రతులు అమ్మేవాడు. ఫినియస్ యంగ్ అనే ఆయన ఒకటి కొన్నాడు. అది అతని బంధువుల చేతులు మారి, తమ్ముడు బ్రిగమ్ యంగ్ చేతికొచ్చింది. ఆ బ్రిగమ్ 1832లో స్మిత్ పెట్టిన సంఘంలో చేరాడు. 1844లో ఇల్లినాయ్‌లో జైలు మీద పడిన గుంపు స్మిత్‌ను చంపేశాక జనంలో ఎక్కువమందిని వెంటబెట్టుకుని, 1847లో సాల్ట్ లేక్ లోయకు చేర్చింది ఆయనే. అన్న కొన్న పుస్తకం తమ్ముణ్ణి నాయకుణ్ణి చేసింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

1852 ఆగస్టు 28న సాల్ట్ లేక్‌లో సభ పెట్టి, ప్రపంచం నాలుగు మూలలకూ వందమందికి పైగా బోధకుల పేర్లు చదివారు. అందులో తొమ్మిదిమంది హిందూస్తాన్‌కు, నలుగురు సయాంకు. మర్నాడు, 29న, అదే సభలో తమలో బహుభార్యాత్వం ఉందని మొదటిసారి బాహాటంగా ప్రకటించారు. ముహూర్తం చూసుకోకుండా పెళ్ళి పెట్టుకోవడమంటే ఇదే. బోధకుల కంటే ముందు ఆ వార్త ఓడలెక్కి ఊళ్ళు చేరింది.

పదమూడుగురూ శాన్ ఫ్రాన్సిస్కో చేరారు. కాలిఫోర్నియాలోని తోటివాళ్ళు చందాలేసి టికెట్టు డబ్బులు సమకూర్చారు. వాళ్ళెక్కిన ఓడ పేరు మాన్‌సూన్. 1853 జనవరి చివర బయలుదేరి ఏప్రిల్ చివర కలకత్తాలో దింపింది. ఋతుపవనాల పేరున్న ఓడ నడివేసవిలో వచ్చిందన్నమాట.

కలకత్తాలో అంతకుముందే చిన్న గుంపు ఉండేది. 1851లో జోసెఫ్ రిచర్డ్స్ కొద్దిమంది యూరోపియన్లకు బాప్తిస్మం ఇచ్చాడు. ఆ వెనకే వచ్చిన విలియం విల్లిస్ మాట విని కొంతమంది బెంగాలీ రైతులు కూడా చేరారు. ఈ బోధకుల చేతుల్లో పైసా లేదని, బడి గానీ ఉద్యోగం గానీ ఇచ్చే స్తోమత లేదని తెలిశాక వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయారు. ఆ రైతులను తప్పు పట్టలేను. చేరడం వల్ల కులం, కూలి రెండూ పోయేవి. బదులుగా దక్కేది ఏమిటని అడగడం న్యాయమే.

మద్రాసు వంతు రిచర్డ్ బాలంటైన్, రాబర్ట్ స్కెల్టన్, రాబర్ట్ ఓవెన్స్‌లకు పడింది. బంగాళాఖాతంలో తుపానుకు చిక్కి, చచ్చీ చెడీ జూలైలో రేవు చేరారు. ఈ బాలంటైన్ గురించి కాస్త చెప్పాలి. స్కాట్లాండు మనిషి. 1849 డిసెంబరులో సాల్ట్ లేక్‌లో తన సొంత ఇంట్లోనే పిల్లల్ని పోగేసి ఆ లోయలో మొదటి సండే స్కూలు నడిపినవాడు. పిల్లల్ని కూర్చోబెట్టి చెబితే ఇల్లంతా వింటుందని అనుభవం మీద తెలిసినవాడు. అలాంటివాడు మద్రాసుకొచ్చి చేసిందేమిటంటే, ఇంగ్లీషులో కరపత్రాలు అచ్చేయడం. 1854లో ఒక మాసపత్రిక కూడా నడిపాడు, అదీ ఇంగ్లీషులోనే. అరవమైనా తెలుగైనా నేర్చుకునే వ్యవధి లేదు, చేతిలో డబ్బు లేదు. కాబట్టి శ్రోతలు తెల్ల సిపాయిలు, గుమాస్తాలు, ఇతర మిషన్ల పాదిరీలు. పాదిరీలకు బహుభార్యాత్వం అనే మాట చాలు, ఎదురు కరపత్రాలకు బోలెడంత సరుకు. కంటోన్మెంట్లలో అధికారులు గేటు దగ్గరే ఆపేసేవారు. ఇద్దరు ముగ్గురు భార్యలున్న జమీందార్లు చుట్టూ ఉన్న దేశంలో ఆ వార్తకు ఉలిక్కిపడింది నల్లవాళ్ళు కాదు, తెల్లవాళ్ళు. వీళ్ళు వెతుక్కుంటూ వెళ్ళిందేమో ఆ తెల్లవాళ్ళనే.

పైగా సంచీ లేకుండా, డబ్బు లేకుండా సువార్త చెప్పాలన్నది వీళ్ళ నియమం. ఎవరు పెడితే వాళ్ళింట తిని, ఎక్కడికైనా కాలినడకన పోవాలి. తెల్లదొర అంటే పల్లకీ, బంట్రోతు అని అలవాటుపడ్డ ఊళ్ళో నడిచి తిరిగే దొరను దొరలే ఇంట్లోకి రానివ్వలేదు. మన సన్యాసుల పద్ధతి అది. దాన్ని గౌరవించగలిగే ఈ దేశస్థుల దగ్గరకు పోదామంటే భాష రాదు.

అదే సమయంలో గుంటూరు వైపు చూడండి. పెన్సిల్వేనియా లూథరన్లు పంపిన హయ్యర్ గారు 1842 జూలై 31న గుంటూరులో దిగాడు. కలెక్టరు స్టోక్స్ స్వయంగా పిలిచాడు. హయ్యర్ బడులు పెట్టాడు, ఆడపిల్లలకు కూడా. తర్వాత పల్నాడు పోయి పల్లెల్లో తిరిగాడు. ఆయనకు కలెక్టరు అండ ఉంది, తెలుగు ఉంది, పలక పట్టిన పిల్లలున్నారు. బాలంటైన్‌కు ఈ మూడింట్లో ఒక్కటీ లేదు. రేపల్లెలో, తెనాలిలో ఇవాళ లూథరన్ చర్చి ఉండడానికీ, మోర్మన్ల పేరు వినబడకపోవడానికీ నాకు కనబడే కారణం ఇంతే.

బాలంటైన్ 1854లో మద్రాసు వదిలాడు. 1856కల్లా మిగిలినవాళ్ళూ దేశం వదిలారు. ఇన్నేళ్ళ శ్రమకు మిగిలిన ఫలం దేశం మొత్తమ్మీద బహు స్వల్పం. సయాంకని బయలుదేరిన నలుగురిలో లెవీ సావేజ్ అనే ఆయన బర్మాలో చిక్కుపడి, ఇంటికి పోతూ 1856లో ఒక బండ్ల గుంపుతో కలిశాడు. ఎడ్లు లేని బండ్లవి, మనుషులే లాక్కుపోవాలి. చలికాలం ముంచుకొస్తోంది, ఈ ఏడు ఆగిపోదామని ఆయన కన్నీళ్ళతో చెప్పినా సభలో ఓడిపోయాడు. సరే, మీతోపాటే వస్తానని వెళ్ళాడు. మంచులో చిక్కుకుని సుమారు 500 మందిలో అరవైమందికి పైగా చనిపోయారు. మోర్మన్లు ఇప్పటికీ తలచుకునే మనుషుల్లో ఆయనొకడు. మన తూర్పుతీరానికి అవతల బర్మాలో రెండేళ్ళు తిరిగి వెళ్ళాడన్నది మాత్రం ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

ఆ తర్వాత వందేళ్ళు దాదాపు శూన్యం. బహుభార్యాత్వాన్ని 1890లో ఆ సంఘమే వదిలేసింది. 1950ల్లో కోయంబత్తూరులో పాల్ తిరుత్తువదాస్ అనే ఆయనకు వాళ్ళ కరపత్రం ఒకటి చేతికి తగిలింది. ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే, 1965లో గానీ బాప్తిస్మం దొరకలేదు. పిలిచేవాడున్నా వచ్చే దిక్కు లేని రోజులవి.

తెలుగువాళ్ళ వంతు సమోవా నుంచి వచ్చింది. పసిఫిక్ సముద్రంలో చిటికెడంత దీవులవి. రేపల్లె రైతు కొబ్బరిచెట్టు మొవ్వులో చూసి తిట్టుకునే కొమ్ముపురుగు 1909లో సింహళం నుంచి రబ్బరు మొక్కలతో పాటు అక్కడికి చేరి తోటల్ని తినేసింది. అంటే పంటల పురుగుల శాస్త్రం తెలిసిన మనిషికి చేతినిండా పని ఉండే చోటు. హైదరాబాదీ అయిన ఎడ్విన్ ధర్మరాజు అలాంటి శాస్త్రవేత్త. ఉద్యోగం మీద భార్య ఎల్సీతో కలిసి అక్కడికి వెళ్ళాడు. సమోవాలో మోర్మన్లు మన దగ్గర లూథరన్లంత మామూలు. 1970ల్లో ఈ దంపతులూ ఆ సంఘంలో చేరారు.

చేరాక వాళ్ళకు మొదట గుర్తొచ్చింది ఇంటివాళ్ళే. మావాళ్ళకు చెప్పడానికి హైదరాబాదుకు ఎవరినైనా పంపండి అని సంఘాధ్యక్షుడు స్పెన్సర్ కింబాల్‌కు రాశారు. ఎవర్నో ఎందుకు, మీరే వెళ్ళండి అన్నది జవాబు. 1978 డిసెంబరులో వాళ్ళిద్దరూ బోధకులుగా హైదరాబాదులో దిగారు. సభ పెట్టలేదు, కరపత్రం వేయలేదు. అత్తవారిల్లు, పుట్టిల్లు, బావలు, మరదళ్ళు. ఆ నెలలోనే 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది చుట్టాలే. ఫినియస్ యంగ్ ఇంట్లో పుస్తకం చేతులు మారిన పద్ధతే ఇది. మద్రాసులో ఏడాదిపాటు అచ్చుయంత్రం చేయలేని పనిని ఓ కుటుంబం వారాల్లో చేసింది.

గ్రంథాన్ని తెలుగు చేసే పని ఎల్సీ తండ్రి రెవరెండ్ పి. శ్రీనివాసం గారి భుజాన పడింది. ఆయన అప్పటికే ప్రొటెస్టెంట్ పాస్టరు. మోర్మన్ గ్రంథం ఇంగ్లీషు పాత బైబిలు ధోరణిలో సాగుతుంది. ఒకే ఊతమాట వెయ్యిసార్లకు పైగా వస్తుంది. దాన్ని తీసేస్తే పుస్తకం కరపత్రమంత అవుతుందని మార్క్ ట్వేన్ వేళాకోళమాడాడు. తెలుగులో ఆ ధోరణికి సరిపోయే నుడి చర్చి పీఠం ఎక్కినవాళ్ళ నాలుక మీదే ఉంటుంది. అల్లుడు తెచ్చిన గ్రంథానికి మామగారే సరైన మనిషి. 1980ల తొలినాళ్ళలో ఎంపిక చేసిన భాగాలు తెలుగులో వచ్చాయి. న్యూయార్క్‌లో భార్య నమ్మకపోవడం వల్ల పేజీలు పోయిన పుస్తకానికి, హైదరాబాదులో భార్య తరఫువాళ్ళ వల్లే పేజీలు పుట్టాయి. సంఘం పేరును కూడా "కడవరి దిన పరిశుద్ధులు" అని చక్కని తెలుగులోకి తెచ్చుకున్నారు.

1993లో బెంగళూరు కేంద్రంగా మిషను ఏర్పడింది. విశాఖలో, రాజమండ్రిలో సంఘాలు లేచాయి. కొన్ని సంఘాలు గట్టిపడితే అన్నిటినీ కలిపి ఒక స్టేక్ అంటారు వీళ్ళు. గుడారపు మేకు అని అర్థం. భారతదేశంలో ఆ మొదటి మేకును 2012 మే 27న దిగ్గొట్టారు. మాన్‌సూన్ ఓడ ఆగిన కలకత్తాలో కాదు, బాలంటైన్ పత్రిక నడిపిన మద్రాసులో కాదు, ధర్మరాజు దంపతులు చుట్టాలిళ్ళు తిరిగిన హైదరాబాదులో.