దుప్పి వేటకు ఏ ఆయుధం? ఓరుగల్లు అడవుల్లో రైఫిలు, నాటు తుపాకి, విల్లు

ఉపోద్ఘాతం

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఒకప్పుడు వేట పద్ధతులను నియంత్రించే పదిహేడవ సెక్షను ఉండేది. 1991 సవరణ లైసెన్సు వేటను పూర్తిగా రద్దు చేసినప్పుడు ఆ సెక్షను కూడా చట్టం నుండి తొలగిపోయింది. నేటి న్యాయవాదులకు దానితో పనిలేదు. పర్యావరణ చరిత్రకారులు కూడా దానిని అంతగా పట్టించుకోలేదు. అయితే దుప్పిని ఏ ఆయుధంతో చంపవచ్చు, దేనితో చంపరాదు అన్న ప్రశ్నకు స్వతంత్ర భారతం ఇచ్చిన సమగ్రమైన జవాబు ఆ సెక్షనులోనే ఉంది. ఆ జవాబు ఎక్కడి నుండి వచ్చింది, పాకాల, ములుగు, ఏటూరునాగారం అడవుల్లో బతికినవారికి అది ఏమి మిగిల్చింది అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

మొదటే ఒక మాట స్పష్టం చేయవలసి ఉంది. ఆయుధాల మీద జరిగిన ఈ చర్చలో జంతువు బాధ గురించిన వాదన అబద్ధం కాదు. కానీ ఆ వాదన వెంట మరొక ప్రశ్న ఎప్పుడూ నడుస్తూ వచ్చింది: తుపాకి ఎవరి చేతిలో ఉండాలి? ఓరుగల్లు ప్రాంతంలో రెండవ ప్రశ్నే మొదటిదాని మీద పెత్తనం చేసింది.

షికారు మర్యాద

ప్రాచీన గ్రంథాలు ఈ విషయాన్ని మరొక కోణం నుండి చూశాయి. కౌటిల్యుని అర్థశాస్త్రం అభయవనంలో జింకలను బంధించినవానికి, చంపినవానికి, హింసించినవానికి ఉత్తమ దండన విధించింది. అక్కడ నేరాన్ని నిర్ణయించింది ఆయుధం కాదు, చోటు. కాకతీయులు సామంతులుగా కొలిచిన కల్యాణి చాళుక్యుల కాలంలో, మూడవ సోమేశ్వరుడు కూర్చిన మానసోల్లాసం మృగయను రాజవినోదాలలో ఒకటిగా చేర్చి, వేట పద్ధతులను విస్తారంగా వర్ణించింది. పెంచిన జింకను దీమంగా నిలిపి అడవి జింకను రప్పించడం అందులో నింద్యం కాదు. పెద్దన వర్ణించిన స్వరోచి వేటలోనూ, ధూర్జటి వర్ణించిన తిన్నని వేటలోనూ వలలు, వేటకుక్కలు బాహాటంగానే కనిపిస్తాయి. రాజు వేటకూ బోయ వేటకూ పరికరాలలో పెద్ద తేడా లేదు.

ఆ తేడా బ్రిటిషువారి షికారు సాహిత్యంతో వచ్చింది. ఆ సాహిత్యం వేటగాళ్ళను రెండు జాతులుగా విడదీసింది. ఒకడు మైదానపు మర్యాద తెలిసిన షికారీ, రెండవవాడు మాంసం కోసం చంపే దొంగవేటగాడు. మొదటివాని గుర్తు రైఫిలు. రెండవవాని గుర్తులు వల, ఉచ్చు, నాటు తుపాకి, నీటిమడుగు పక్కన రాత్రి మాటు.

ఈ వర్గీకరణ వెనుక కొంత భౌతికశాస్త్రం లేకపోలేదు. రైఫిలు గొట్టం లోపల చెక్కిన మెలికల గాళ్ళు తూటాను గిరగిరా తిప్పుతాయి. అందువల్ల అది దూరం వెళ్ళినా గురి తప్పదు. నునుపు గొట్టం తుపాకిలో ఆ సౌకర్యం లేదు. పన్నెండు బోరు తుపాకిలో దుప్పి కోసం వాడే ఎస్.జి. రకం గుళ్ళు ఔన్సుకు దాదాపు 8 తూగుతాయి. దగ్గరలో అవి ఒక గుత్తిగా తగులుతాయి, కొంచెం దూరమైతే చెదిరిపోతాయి. అటువంటి గుండు ఒకటో రెండో కడుపులో దిగిన దుప్పి అక్కడ పడిపోదు. పొదల్లోకి పరుగెత్తి రోజుల తరబడి చస్తుంది. కనుక జింకజాతి మీద గుళ్ళు వాడరాదన్న షికారీల మాటలో నిజం ఉంది.

కాని మర్యాద అన్నది ఎవరి ఖర్చు మీద నడిచిందో కూడా చూడాలి. 1902లో వైస్రాయి కర్జను నిజాం రాజ్యానికి వచ్చినప్పుడు షికారు విడిది వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర వేశారు. కాజీపేట, బెజవాడల మధ్య రైలు మార్గం 1889 నాటికే పూర్తయింది కనుక వైస్రాయి బృందం అడవి అంచు దాకా హాయిగా రాగలిగింది. నాటి ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ కెమెరాలు ఆ సందర్భాన్ని పదిలపరచాయి. అటువంటి వేటలో మృగాన్ని తుపాకి ముందుకు తోలుకొచ్చేది హాకా. డప్పులతో, కేకలతో అడవిని గాలించే పల్లె జనం లేనిదే దొర రైఫిలుకు పని లేదు. ఆ మనిషే మరునాడు అదే అడవిలో ఉచ్చు పన్నితే దొంగ అవుతాడు. షికారు సాహిత్యం ఈ వైరుధ్యాన్ని గుర్తించలేదు.

ఆయుధం విషయంలో ప్రభుత్వానికి జింక కంటే తిరుగుబాటు భయమే ఎక్కువ అనడానికి మరొక సాక్ష్యం ఉంది. 1907 ప్రాంతంలో బ్రిటిషు ప్రభుత్వం .450 బోరు రైఫిళ్ళను భారతదేశంలోకి దిగుమతి చేయరాదని నిషేధించింది. అది పెద్ద మృగాల వేటకు పేరు పొందిన బోరు. నిషేధానికి కారణం జంతుదయ కాదు, ఆ బోరు తూటాలు సైనిక తుపాకులకు చేరుతాయన్న అనుమానం. తుపాకి తయారీదారులు వెంటనే .470, .465 వంటి కొత్త బోర్లు తయారు చేసి మార్కెట్టుకు తెచ్చారు. షికారు ఆగలేదు.

వడిసెల నుండి భర్మారు దాకా

వరంగల్, నల్లగొండ జిల్లాల్లో ఈ అనుమానానికి 1946 తరువాత బలమైన ఆధారం దొరికింది. చేను కాపలాలో పిట్టలను తోలే వడిసెల ఆ సాయుధ పోరాటంలో రజాకార్ల మీద, దొరల గూండాల మీద ఆయుధమైంది. గడీల నుండి స్వాధీనం చేసుకున్న తుపాకులు, భర్మార్లు దళాల చేతికి వెళ్ళాయి. తెలంగాణలో భర్మారు అంటే గొట్టం మూతి నుండి మందు, గుళ్ళు దట్టించి పేల్చే నాటు తుపాకి. 1948 పోలీసు చర్య తరువాత దళాలు గోదావరి అడవుల వైపు తరలాయి. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. పాకాల, ఏటూరునాగారం అడవులను అభయారణ్యాలుగా ప్రకటించడం 1950ల తొలినాళ్ళలోనే జరిగింది. ఈ రెండింటి మధ్య కార్యకారణ సంబంధం ఉందని నిరూపించే ప్రయత్నం ఇక్కడ అవసరం లేదు. అయితే కోయ గూడెంలో ఒక తుపాకి కనిపిస్తే అది దుప్పి కోసమా, పోలీసు కోసమా అన్న ప్రశ్న ఈ అడవుల్లో కొన్ని దశాబ్దాల పాటు అధికారుల మనసులో మెదిలిందని మాత్రం మరువరాదు. మిగతా దేశంలో వేట ఆయుధాల చర్చకు ఈ నీడ ఇంతగా లేదు.

1959 ఆయుధాల చట్టం ఈ నేపథ్యంలో చదివితే ఆశ్చర్యం కలిగిస్తుంది. దాని పదమూడవ సెక్షను మూడవ ఉపవిభాగం రక్షణకో క్రీడకో కనీసం 20 అంగుళాల గొట్టం ఉన్న నునుపు తుపాకికి లైసెన్సు ఇవ్వాలంటుంది. నిజమైన పంట రక్షణ కోసమైతే మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వాలంటుంది. అది చాలదని అధికారి భావిస్తే వేరే నునుపు తుపాకికి కూడా అనుమతించవచ్చు. అంటే చేను కాచుకునే రైతుకు చట్టం ప్రత్యేకించి కేటాయించిన ఆయుధం భర్మారు. చేను మేసేది అడవిపంది, మనుబోతు, దుప్పి.

ఇక 1972 చట్టపు పదిహేడవ సెక్షను చూద్దాం. చుక్కల దుప్పి, సాంబరు ఆ చట్టం మూడవ షెడ్యూలులో పెద్ద మృగాలుగా చేరాయి. కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉన్నందున దాని వేట పూర్తిగా నిషిద్ధం. పెద్ద మృగాలను రైఫిలుతో తప్ప వేటాడరాదని ఆ సెక్షను శాసించింది. లైసెన్సులో ప్రత్యేకంగా రాస్తేనే షాట్‌గన్ వాడవచ్చు, అదీ ఒంటి గుండుతో. వాహనం నుండి కాల్చడం, రసాయనాలు, పేలుడు పదార్థాలు, వలలు, గోతులు, విషం, విషం పూసిన ఆయుధాలు, ఉచ్చులు, వేట కోసం అడవికి నిప్పు పెట్టడం, కృత్రిమ దీపాలు, రాత్రి వేట, నీటిమడుగుల దగ్గర, చవుడు నాకే చోట్ల మాటు వేయడం, కుక్కలతో దుప్పిని తరమడం నిషిద్ధాలు. షికారు సాహిత్యంలోని మర్యాద మొత్తం ఇక్కడ శాసనమైంది.

రెండు చట్టాలను పక్కపక్కన పెట్టినప్పుడు చిక్కు బయటపడుతుంది. చేను కాపలాకు పనికివచ్చే తుపాకి దుప్పి వేటకు పనికిరాదు. వేటకు పనికివచ్చే రైఫిలు చిన్న రైతు కొనలేడు, కొన్నా లైసెన్సు దొరకడం కష్టం. ప్రాణానికి, పంటతో సహా ఆస్తికి ముప్పుగా మారిన జంతువును చంపడానికి పదకొండవ సెక్షను కింద వన్యప్రాణి అధికారి అనుమతి కావాలి. ఆ అనుమతి జిల్లా కేంద్రం నుండి వచ్చేసరికి జొన్న కంకులు మిగలవు. లైసెన్సు వేట ఉన్నంత కాలం దుప్పి చట్టబద్ధంగా పట్టణపు షికారీకే అందింది.

అయితే ఆ షికారీ మర్యాద పాటించాడా? రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జీపులు, వాటి మీద బిగించిన వెలుగుదీపాలు దక్కను మైదానాల్లోకి వచ్చాయి. దీపపు కాంతికి జింక కళ్ళు మెరుస్తాయి, అది కదలక నిలబడిపోతుంది. ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ వంటి అటవీ అధికారులు స్వాతంత్ర్యానికి ముందే రిజర్వు అడవుల్లోకి మోటారు కార్లను నియంత్రించాలనీ, తుపాకి లైసెన్సులను పరిమితం చేయాలనీ వాదించారు. ఇ.పి. గీ 1964లో వెలువరించిన గ్రంథం స్వాతంత్ర్యానంతరం వన్యప్రాణుల పతనాన్ని నమోదు చేసింది. జీపు ఎవరి దగ్గర ఉంటుందో చెప్పనక్కరలేదు. రైఫిలు ఉన్నవాడే మర్యాదను మొదట చెరిపాడు.

విల్లు పేరెత్తని నిషేధం

పదిహేడవ సెక్షనులో విల్లు అన్న మాట లేదు. విషం పూసిన ఆయుధాలు అన్నచోట బాణం లీలగా స్ఫురిస్తుంది, అంతే. దుప్పి విషయంలో మామూలు విల్లును నిషేధించింది "రైఫిలుతో తప్ప" అన్న చిన్న పదబంధం. అదే చట్టం రెండవ సెక్షనులోని ఆయుధ నిర్వచనంలో మాత్రం విల్లంబులు మందుగుండు పక్కనే పేరుతో సహా కనిపిస్తాయి. ముప్పయ్యొకటవ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి ప్రవేశించరాదు. కనుక ఏటూరునాగారం అభయారణ్యంలోని గూడేనికి చెందిన కోయ మనిషి భుజాన విల్లు వేసుకుని అడవిలోకి అడుగుపెట్టినా చిక్కే. అనుమతించిన ఆయుధాల్లో చోటు దక్కని విల్లుకు, జప్తు చేయదగిన ఆయుధాల్లో చోటు దక్కింది.

విల్లు జంతువును ఎక్కువ బాధపెడుతుందన్న వాదనకు ప్రపంచంలో ఒకే జవాబు లేదు. ఇంగ్లండు, వేల్సులకు వర్తించే 1963 జింకల చట్టం బాణాన్ని, ఈటెను నిషేధించింది. .240 అంగుళాల కంటే చిన్న బోరు రైఫిలును కూడా నిషేధించింది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం మాత్రం 1934లోనే విల్లుతో జింక వేటకు ప్రత్యేక ఋతువు కేటాయించింది. అక్కడ విల్లు తెల్లజాతి మధ్యతరగతి వారి క్రీడ. ఒకే పరికరం ఒకచోట క్రౌర్యం, మరొకచోట నైపుణ్యం. భారత చట్టం ఈ ప్రశ్నను చర్చించనే లేదు. చర్చించకుండానే తీర్పు ఇచ్చింది.

ఆదివాసుల వేట హక్కు తెలియకపోవడం వల్ల ఇలా జరిగిందనుకోవడానికి వీలులేదు. అదే చట్టం అరవై అయిదవ సెక్షను నికోబార్ దీవుల షెడ్యూల్డు తెగల వేట హక్కులకు భంగం కలగదని స్పష్టంగా చెబుతుంది. మినహాయింపు ఎలా రాయాలో శాసనకర్తలకు తెలుసు. భూమి పండుగ నాడు సామూహిక వేటకు వెళ్ళే కోయలకు, వేటకు వెళ్ళిన కోయ దొరలకు పులుల నడుమ పసిబిడ్డగా దొరికిందని సమ్మక్క కథ చెప్పుకునే మేడారం ప్రాంతానికి అటువంటి వాక్యం రాయలేదు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చినప్పుడు కూడా సంప్రదాయ హక్కులన్నింటినీ గుర్తిస్తూ, వేటను, వన్యప్రాణులను పట్టే హక్కును మాత్రం మూడవ సెక్షనులోనే మినహాయించారు.

దుప్పి సంఖ్య తగ్గిపోయిన అడవిలో ఎవరికైనా వేట హక్కు ఇవ్వడం ఎలా అన్న అభ్యంతరం సమంజసమే. 1991 నిషేధాన్ని ఆ దృష్టితో సమర్థించవచ్చు. కానీ 1972 నుండి 1991 వరకు వేట చట్టబద్ధంగానే ఉంది. ఆ 19 ఏళ్ళలో కోయ విల్లును పక్కన పెట్టి రైఫిలును నిలిపిన తీర్పుకు సంరక్షణ వాదం ఆధారం కాదు.

విద్యుత్ తీగ

1991 తరువాత ఏ ఆయుధం తగినది అన్న చర్చ చట్టంలో ముగిసింది, అడవిలో ముగియలేదు. రైఫిలు వేట ఆనవాళ్ళు అప్పుడప్పుడు బయటపడుతూనే ఉన్నాయి. 2017లో మహదేవపూర్ అడవుల్లో తుపాకులతో దుప్పులను వేటాడిన కేసు అందుకు ఉదాహరణ. అయితే నేడు భూపాలపల్లి, ములుగు అడవుల్లో ఎక్కువ భయపెడుతున్నది తుపాకి కాదు, విద్యుత్ తీగ. అడవి గుండా పోయే 11 కె.వి. లైనుకు కొక్కెం తగిలించి, నేలకు మోకాలెత్తున జి.ఐ. తీగ లాగుతారు. తీగకు దుప్పికీ మనిషికీ తేడా తెలియదు. 2024 ఫిబ్రవరిలో జయశంకర్ భూపాలపల్లి జిల్లా అడవిలో గాలింపుకు వెళ్ళిన గ్రేహౌండ్స్ పోలీసు ఒకరు వేటగాళ్ళు అమర్చిన ఇటువంటి తీగ తగిలి మరణించారు. పంట కాపలాకు కంచె చుట్టూ పెట్టిన తీగలకు రైతులు, కూలీలు, పశువులు బలైన సంఘటనలూ తరచు వార్తలకెక్కుతున్నాయి.

1972 చట్టపు ఆయుధ నిర్వచనంలో విద్యుత్తు పేరు లేదు. జంతువును చంపగల ఏ సాధనమైనా ఆయుధమే అన్న చివరి మాటల కింద అది ఇముడుతుంది. వలను, గోతిని, విల్లును పేరుపేరునా లెక్కపెట్టిన శాసనం ఊహించని ఆయుధం ఇది. శబ్దం లేదు, లైసెన్సు అక్కరలేదు, గురి నేర్చుకోనక్కరలేదు, ఖరీదు కొన్ని వందల రూపాయలు. ఏ మర్యాదకూ లొంగదు.

పంట నష్టం విషయంలో తెలంగాణ ప్రభుత్వం అడవిపందులను చంపడానికి ఇచ్చిన అనుమతులలో పాత కొలతే మళ్ళీ కనిపిస్తుంది. ఆ పని లైసెన్సు తుపాకి ఉన్న గుర్తింపు పొందిన షూటరుది, చేను యజమానిది కాదు. చేను యజమానికి భర్మారు ఇవ్వవచ్చన్న 1959 నాటి వాక్యం ఆయుధాల చట్టంలో ఇప్పటికీ అలాగే ఉంది.