పదహారు మీటలు – నాలుగు వందల ఎనభై పేర్లు



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన కార్యదర్శి గారు కోరినప్పుడు, మా పాన్‌గల్ కోటను గురించి వ్రాద్దామని మొదట అనుకున్నాను. కాని కోటను గురించి వ్రాసిన పెద్దలు చాలామంది ఉన్నారు. మనమంతా చేతులతో ముట్టుకొని, లోపల ఏముందో మాత్రం పట్టించుకోని ఒక వస్తువును గురించి వ్రాయడం మేలనిపించింది. అదే ఓటింగు యంత్రం. మనలో ఎన్నికల డ్యూటీ చేయనివారు అరుదు. ఇనుప పెట్టెలకు లక్క సీలు వేసిన చేతులతోనే తరువాత దీని తీగలు కూడా కలిపాము.

2004 ఏప్రిల్‌లో లోక్‌సభకు, శాసనసభకు కలిపి జరిగిన ఎన్నికలకు ముందు మాకు శిక్షణ ఇచ్చారు. అభ్యర్థులు 16 మందికి మించితే రెండవ బ్యాలెట్ యూనిట్‌ను మొదటి దానికి ఎలా తగిలించాలో చూపించి, నన్ను చేసి చూపమన్నారు. తీగ సరిగానే తగిలించాను. అయినా యంత్రం మొరాయించింది. శిక్షణ ఇచ్చే అధికారి వచ్చి, రెండవ యూనిట్ పక్కనున్న చిన్న మీటను 1 నుండి 2కు జరిపారు. వెంటనే సరిపోయింది. "రెండింటికీ ఒకటే నెంబరు పెడితే ఎట్లాగండీ? ఒకే సెక్షన్ పేరుతో రెండు సెక్షన్లు ఉంటే టపా ఎవరికి పోవాలి?" అన్నారాయన. గదిలో అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ ఒక్క మాటతో యంత్రం సగం అర్థమయింది.

సంగతి ఏమిటంటే, కంట్రోల్ యూనిట్ లోపల మైక్రోకంట్రోలర్ అనే చిన్న చిప్ ఉంటుంది. ఒకసారి వ్రాసిన తరువాత మార్చడానికి వీలులేని ప్రోగ్రాము అందులో ఉంటుంది. ఏ చిప్‌కైనా బయటి ప్రపంచంతో మాట్లాడటానికి ఉండే కాళ్ళు పరిమితమే. మీటకొక తీగ చొప్పున లాగితే 64 మీటలకు 64 తీగలు కావాలి. అన్ని కాళ్ళు ఎక్కడినుండి తెస్తాము? అందుకని ఇటువంటి పరికరాలలో మన ఆఫీసు పద్ధతినే పాటిస్తారు. ప్రతి సెక్షన్‌కు ఒక నెంబరు, సెక్షన్‌లో ప్రతి సీటుకు ఒక నెంబరు. 'రెండవ సెక్షన్, అయిదవ సీటు' అంటే చాలు, మనిషి దొరుకుతాడు. ఒకే తీగల కట్ట మీద నెంబరును బట్టి కబురు వస్తుంది. అదనపు విభాగాన్ని చేర్చాలంటే కొత్త నెంబరు ఇస్తే సరి. ఫ్యాక్టరీలలో కొలిమి వేడిని, నీటి మట్టాన్ని, వాల్వులను ఒకచోటి నుండి అదుపు చేసే పరికరాలకు అదనపు బోర్డులు తగిలించే పద్ధతి కూడా ఇదే.

ఈ పోలిక ఊరికే చెప్పలేదు. ఓటింగు యంత్రం పుట్టింది అటువంటి అదుపు పరికరాలు చేసే చోటనే. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించిన డాక్టర్ ఎ.ఎస్. రావు గారు (అయ్యగారి సాంబశివరావు) ట్రాంబేలో ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని నడిపారు. 1956 ఆగస్టు 4న పనిచేయడం మొదలుపెట్టిన అప్సర రియాక్టరుకు అదుపు పరికరాలను ఆయన బృందమే తయారుచేసింది. ఆ అనుభవంతోనే 1967 ఏప్రిల్ 11న అణుశక్తి శాఖ క్రింద హైదరాబాదులో ఈసీఐఎల్ ఏర్పడింది. రావు గారే దానికి మొదటి సారథి. ఎ.ఎస్. రావు నగర్ ఆయన పేరు మీద వెలసినదేనని మీకు తెలుసు.

1977లో ఎన్నికల సంఘానికి ఈ యంత్రం ఆలోచన వచ్చింది. 1979లో ఈసీఐఎల్ నమూనా తయారుచేయగా, 1980 ఆగస్టు 6న రాజకీయ పక్షాల ప్రతినిధులకు దానిని చూపించారు. తరువాత బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా తయారీలో చేరింది. 1982 మే నెలలో కేరళలోని పరవూరులో 50 పోలింగు కేంద్రాలలో మొదటిసారి వాడారు. చట్టంలో అందుకు వీలు లేదని 1984లో సుప్రీంకోర్టు చెప్పడంతో యంత్రాలు అటకెక్కాయి. 1988 డిసెంబరులో చట్టం సవరించారు. 1998లో మళ్ళీ కొన్ని శాసనసభ స్థానాలలో వాడి, 2004 నాటికి దేశమంతటా ప్రవేశపెట్టారు.

అప్పటి యంత్రంలో ఒక్కొక్క బ్యాలెట్ యూనిట్‌కు 16 మీటలు, ఒక కంట్రోల్ యూనిట్‌కు నాలుగు బ్యాలెట్ యూనిట్లు. వెరసి 64 పేర్లు. సాధారణ ఎన్నికకు ఇది చాలును. కాని జనం కడుపు మండినప్పుడు సాధారణ లెక్కలు పనికిరావు. దీనికి సాక్ష్యం యంత్రం రాకముందే నల్లగొండలో కనిపించింది.

నల్లగొండ పక్కన కూడా ఒక పానగల్లు ఉంది. ఊరి పేరు చెప్పగానే "సోమేశ్వరుని గుడి ఉన్న పానగల్లేనా?" అని నన్ను చాలామంది అడిగేవారు. కాదు, మాది కోట ఉన్న పాన్‌గల్, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుండి వనపర్తి జిల్లా అని చెప్పుకోవలసి వచ్చేది. ఆ పానగల్లు ఉన్న నల్లగొండ లోక్‌సభ స్థానంలో 1996లో 480 మంది పోటీ చేశారు. గెలవాలని కాదు. ఫ్లోరైడు నీళ్ళు త్రాగి నడుములు వంగిపోయిన తమ పల్లెల గోడు ఢిల్లీకి వినిపించాలని. 480 పేర్లు ఒక బ్యాలెట్ కాగితం మీద ఎలా పట్టించాలో ఆ పని చేసిన మన సోదర ఉద్యోగులకే ఎరుక. అదే ఏడాది తమిళనాడులోని మొడక్కురిచ్చి శాసనసభ స్థానంలో 1,033 మంది నిలబడితే బ్యాలెట్‌ను పుస్తకంగా కుట్టారు.

ప్రభుత్వం దీనికి చేసిన వైద్యం ఏమిటంటే, 1996లోనే చట్టం సవరించి లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 రూపాయల నుండి 10,000 రూపాయలకు పెంచింది. స్వతంత్ర అభ్యర్థికి పదిమంది ప్రతిపాదించాలని నిబంధన పెట్టింది. తలుపు ఇరుకు చేస్తే గుంపు తగ్గుతుందన్న మాట. తగ్గింది కూడా.

కాని 2019లో నిజామాబాదు రైతులు ఆ ఇరుకు తలుపులోనుండే వచ్చారు. పసుపు బోర్డు కావాలని, పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావాలని నామినేషన్లు వేశారు. అప్పటికి ధరావతు 25,000 రూపాయలు. అయినా బరిలో 185 మంది మిగిలారు. పాత యంత్రం 64 దగ్గరే ఆగిపోతుంది కనుక, ఇక బ్యాలెట్ కాగితమే గతి అని చాలామంది అనుకున్నారు.

అప్పుడు అక్కరకు వచ్చింది ఎం-3 అనే కొత్త తరం యంత్రం. దీనికి 24 బ్యాలెట్ యూనిట్ల వరకు తగిలించవచ్చు, అనగా 384 మీటలు. లెక్క చూడండి. 185 మంది అభ్యర్థులు, 'నోటా'తో కలిపి 186. పదకొండు యూనిట్లకు 176 మాత్రమే. కనుక 12 కావాలి. కేంద్రం కేంద్రంలోనూ 12 యూనిట్లను వరుసగా పేర్చి, నెంబర్లు పెట్టి, ఒక కంట్రోల్ యూనిట్‌కు, చీటీ చూపించే వీవీప్యాట్‌కు కలిపారు. ఇన్నిటిని కలిపితే ఒక్క బ్యాటరీ శక్తి చాలదు. అందుకని నాలుగుకు మించినప్పుడు మధ్యమధ్య బ్యాలెట్ యూనిట్లలో కూడా పవర్ ప్యాక్ పెట్టే ఏర్పాటు ముందే చేసి ఉంచారు. ఈసీఐఎల్ ఇంజనీర్లు వచ్చి తనిఖీలు చేశారు. పోలింగు జరిగిన తేదీ 2019 ఏప్రిల్ 11. ఆ సంస్థ పుట్టి సరిగ్గా 52 సంవత్సరాలు నిండిన రోజు.

ఆ రైతులలో ఎవరూ గెలవలేదు. కాని వారి పేర్లన్నీ మీటల పక్కన, గుర్తులతో సహా నిలిచాయి. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న సంక్రాంతినాడు నిజామాబాదులో మొదలయింది. అది పూర్తిగా ఆ మీటల మహిమేనని నేను అనను. కాని 185 పేర్లకు చోటు లేదని ఎవరూ చెప్పలేకపోయారు, అది నిజం.

ఇంజనీరు మొదటిరోజునే ఎన్ని అదనపు యూనిట్లకు చోటు ఉంచాడన్నదే ముఖ్యం. తరువాత కావాలంటే నెంబరు దొరకదు, బ్యాటరీ చాలదు. నాలుగు చాలుననుకున్న చోట మరొకరు ఇరవై నాలుగు పెట్టారు. అయినా నల్లగొండ 480 మందికి, 'నోటా'తో కలిపి 31 యూనిట్లు కావాలి. ఎం-3 యంత్రం కూడా అందుకు చాలదు. యంత్రానికి ఒక హద్దు ఉంటుంది, జనం బాధకు మాత్రం ఆ హద్దు తెలియదు.

అందువలన మన పిల్లలలో, మనుమలలో ఇంజనీరింగు చదివేవారికి నాది ఒకటే మనవి. ఏ యంత్రం చేసినా, అది చిన్న బోర్డు అయినా సరే, రేపు వచ్చేవాని కోసం ఒక ఖాళీ నెంబరు ఉంచండి. మన రిజిస్టర్లలో చివర కొన్ని తెల్ల పేజీలు వదిలేవాళ్ళము కదా, అలాగన్నమాట.

శలవు.