జో హాల్డెమన్: వియత్నాం నుంచి అంతరిక్ష యుద్ధానికి

సైనిక సైన్స్ ఫిక్షన్ అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది రాబర్ట్ హైన్‌లైన్ 1959లో తెచ్చిన ‘స్టార్‌షిప్ ట్రూపర్స్’. ఆయన అమెరికా నౌకాదళంలో అధికారే, కానీ క్షయ వల్ల 1934లోనే బయటికొచ్చేశాడు. యుద్ధం చూడలేదు. ఈరోజు చెప్పుకునేది చూసినవాడి గురించి.

జో హాల్డెమన్ 1943లో ఓక్లహామాలో పుట్టాడు. ఫిజిక్స్, ఆస్ట్రానమీ చదివి 1967లో డిగ్రీ పుచ్చుకున్నాడు. అదే ఏడాది సైన్యం నుంచి పిలుపొచ్చింది. వస్తావా అని అడిగే పిలుపు కాదండీ, డ్రాఫ్ట్. వెళ్లి తీరాల్సిందే. వియత్నాంలో కంబాట్ ఇంజనీర్‌గా వేశారు. 1968లో ఓ పేలుడులో తీవ్రంగా గాయపడ్డాడు.

1974లో ‘ది ఫరెవర్ వార్’ పుస్తకంగా వచ్చింది. అంతకుముందు 18 మంది ప్రచురణకర్తలు తిప్పి పంపారు. వియత్నాం గొడవ సైన్స్ ఫిక్షన్‌లో ఎవరికి కావాలి అన్నది వాళ్ల బాధ. హీరో మాండెల్లా కూడా ఫిజిక్స్ చదివినవాడే, అతన్నీ బలవంతంగానే పట్టుకెళ్తారు. హీరోయిన్‌కైతే ఏకంగా తన భార్య పేరే పెట్టేశాడు!

కిటుకంతా ఎక్కడుందంటే, కాంతి వేగానికి దగ్గరగా వెళ్లే ఓడలో కాలం నెమ్మదిస్తుంది. ఐన్‌స్టీన్ చెప్పిందే. మాండెల్లా మొదటిసారి ఇంటికొచ్చేసరికి అతనికి గడిచింది రెండేళ్లు, భూమ్మీద రెండు దశాబ్దాల పైమాటే. తల్లి ముసలిదైపోయింది, ఆ వయసువాళ్లకి వైద్యం దండగని ప్రభుత్వం తేల్చేసింది. ఉండలేక మళ్లీ సైన్యంలోకే పోతాడు. వియత్నాం నుంచి వచ్చి సొంత ఊళ్లోనే పరాయివాళ్లైపోయిన కుర్రాళ్ల గోడు ఇది. ఫిజిక్స్ సూత్రాన్ని ఇంత బాధకి వాడుకున్న రచయిత నాకు ఇంకొకరు కనబడలేదు.

చివరికి తేలేదేమిటి? 1143 ఏళ్ల యుద్ధానికి అసలు కారణమే లేదు. ప్రమాదాల్లో పోయిన ఓడల్ని శత్రువు కూల్చాడనుకున్నారు, అంతే. 1964 ఆగస్టు 4న టోంకిన్ గల్ఫ్‌లో జరగని దాడిని జరిగిందని చెప్పి అమెరికా వియత్నాంలో ఎంత లోతుకి దిగిందో తెలిసినవాళ్లకి వేరే వివరణ అక్కర్లేదు.

నెబ్యులా, హ్యూగో రెండూ వచ్చాయి. అన్నట్టు, ఇందాకటి ఇంటికొచ్చే భాగం మరీ దిగులుగా ఉందని ‘అనలాగ్’ పత్రిక ఎడిటర్ బెన్ బోవా వద్దంటే, హాల్డెమన్ వేరే భాగం రాసిచ్చాడు. మొదటి పుస్తకంలోనూ అదే పడింది. అసలుది 1990ల ముద్రణల్లో తిరిగి చేరింది. కొనేవాళ్లు ఆ తర్వాతి ప్రతే చూసి కొనుక్కోండి.