పులిజూదం

పులిజూదం ఇద్దరు వంతులవారీగా ఆడే సంప్రదాయ క్రీడ. దీనిని పులి-మేక ఆట అని కూడా అంటారు. పేరులో జూదం ఉన్నా ఇందులో పాచికలు ఉండవు. గెలుపోటములు ఎత్తుగడలపైనే ఆధారపడి ఉంటాయి. ఒకరికి 3 పులులు, మరొకరికి 15 మేకలు ఉంటాయి. మేకల వరుసను ఛేదించడం పులుల లక్ష్యం. పులులను కదలనీయకుండా కట్టివేయడం మేకల లక్ష్యం.

ఆట పటం

అరుగు మీద సుద్దముక్కతోనో బొగ్గుతోనో పటం గీసి, రాళ్లను పులులుగాను, చింతపిక్కలను మేకలుగాను పెట్టి ఆడడం పరిపాటి. శిఖరం నుండి నాలుగు గీతలు విచ్చుకొని అడుగు గీతను కలుస్తాయి. మూడు అడ్డగీతలు వీటిని ఖండిస్తూ ఇరువైపులా బయటకు వస్తాయి. వాటి కొనలను నిలువు గీతలు కలుపుతాయి. శిఖరం 1, అడ్డగీతలపై 18, అడుగు గీతపై 4, మొత్తం 23 బిందువులు. ప్రాంతాన్ని బట్టి పటంలోను, నియమాలలోను భేదాలున్నాయి.

నియమాలు

• మొదట పులులను పటం పైభాగంలో, ఒకదానిని శిఖరాన ఉంచుతారు.
• మేకల ఆటగాడు వంతుకు ఒక మేకను పెడతాడు. అన్నీ పటం మీదికి వచ్చేదాకా ఏ మేకనూ కదపరాదు. పులులు మొదటినుండి కదలవచ్చు.
• ఏ కాయైనా గీత వెంబడి ప్రక్కనున్న ఖాళీ బిందువుకు ఒక్క అడుగే వేయాలి.
• పులి ప్రక్కన మేక ఉండి, అదే గీతలో మేక వెనుక బిందువు ఖాళీగా ఉంటే, పులి దూకి మేకను చంపుతుంది. మేకలు దూకరాదు.
• మూడు పులులూ కదలలేకపోతే మేకలు గెలుస్తాయి. కట్టడికి చాలినన్ని మేకలు మిగలకపోతే పులులు గెలుస్తాయి.

ఎత్తుగడలు

మేకకు రక్షణ దాని వెనుక నిలిచిన మరో మేకయే. మేకలన్నీ బ్రతికి ఉంటే పటంలో ఖాళీలు ఐదు మాత్రమే. ఒక మేక చస్తే కాపలా ఒకటి తగ్గడమే కాక, పులి దూకడానికి చోటు ఒకటి పెరుగుతుంది. అందువలన తొలి నష్టమే తరువాతి నష్టాలకు దారి తీస్తుంది.

శిఖరాన ఉన్న పులిని బంధించడానికి ఎనిమిది మేకలు కావాలి. అడుగు గీత కొనలో ఉన్నదానికి నాలుగు చాలు. శిఖరాన ఒకటి, అడుగు గీత రెండు కొనలలో రెండు పులులు ఉంటే మొత్తం పదహారు కావాలనిపిస్తుంది. కాని కొన్ని మేకలు ఏకకాలంలో రెండు పులులను అడ్డుకొంటాయి గనుక పన్నెండుతోనే పని పూర్తవుతుంది. అనుభవం గల ఆటగాడు పులులను అంచులకు తరుముతాడు.

కంప్యూటర్ యుద్ధక్రీడలతో పోలిక

1994లో వచ్చిన పాంజర్ జనరల్ వంటి వంతులవారీ కంప్యూటర్ యుద్ధక్రీడలలోను ఇదే సమస్య కనిపిస్తుంది. వాటిలో చిత్తడి నేల, అడవి, నది దళాల కదలికను తగ్గిస్తాయి. శత్రుదళం ప్రక్క గడిలో అడుగుపెట్టిన దళం సాధారణంగా అక్కడ ఆగిపోవలసి వస్తుంది. పులిజూదంలో నేల భేదం లేదు. గీతలే దారులు, మేకల జంటలే అడ్డుగోడలు. రెండింటిలోను వెనుక దన్ను లేని వరుస తెగిపోతుంది.

ఇతర ప్రాంతాలలో

తమిళనాడులో దీనిని ఆడు పులి ఆట్టం అంటారు. నేపాల్‌లోని బాగ్ చాల్‌లో 25 బిందువులు, 4 పులులు, 20 మేకలు ఉంటాయి. ఇరుపక్షాలూ పొరపాటు చేయకుండా ఆడితే బాగ్ చాల్ సమంగా ముగుస్తుందని కంప్యూటర్ లెక్కింపుతో నిరూపించిన పరిశోధన 2009లో ప్రచురితమైంది. పులిజూదం పటమూ, కాయల సంఖ్యా వేరు గనుక ఆ ఫలితం దీనికి వర్తించదు.

ఇవి కూడా చూడండి

• చదరంగం
• వామనగుంటలు
• అష్టాచెమ్మా